క్షమించే భారం ఎవరిది?

భర్త హింసను భరించలేక ఇల్లు విడిచి వచ్చిన క్రైస్తవ స్త్రీ సాధారణంగా మొదట వెళ్ళేది పోలీస్ స్టేషన్‌కు కాదు, మహిళా సంఘానికీ కాదు. పుట్టింటికి వెళ్తుంది. అక్కడినుంచి పాస్టరు గారింటికి వెళ్తుంది. అయ్యగారూ అమ్మగారూ ఆమె చెప్పింది ఓపికగా వింటారు, ప్రార్థన చేస్తారు, భర్తను పిలిపించి మందలిస్తారు. ఇదంతా అయ్యాక ఆమెను ఒక ప్రశ్న అడుగుతారు. "దేవుడు నిన్ను క్షమించాడు కదమ్మా, నువ్వు నీ భర్తను క్షమించలేవా?" ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుండదు. వెనక్కి వెళ్తుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఇలా వెనక్కి వెళ్ళడం రెండోసారో మూడోసారో అయి ఉంటుంది. ఒంటిమీద దెబ్బలతోపాటు, మనస్ఫూర్తిగా క్షమించలేకపోతున్నాననే అపరాధభావాన్ని కూడా ఆమె మోసుకొస్తుంది.

ఈ రెండో గాయం గురించి స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం తగినంతగా మాట్లాడుకోలేదు. అది మతవిశ్వాసానికి సంబంధించిన విషయం, మనం కల్పించుకోకూడదని కొందరం తప్పుకుంటాం. మతమంతా పితృస్వామ్యమే, దాన్ని వదిలేస్తేగాని విముక్తి లేదని మరికొందరం తేల్చేస్తాం. ఈ రెండు వైఖరుల వల్లా ఆమె ఒంటరిదే అవుతుంది. ఆమెకు భర్తనుంచి రక్షణ కావాలి, తన దేవుడూ కావాలి. ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమనే అధికారం అయ్యగారికి లేదు, మనకీ లేదు. అందుకే కృప, క్షమాపణ అనే భావనలను వాటి సొంత నేలమీదే నిలబెట్టి పరిశీలించాల్సిన అవసరం ఉంది. అలా పరిశీలిస్తే, ఆ స్త్రీని వెనక్కి పంపుతున్నది క్రైస్తవ సిద్ధాంతం కాదనీ, ఆ సిద్ధాంతాన్ని తలకిందులు చేసిన ఒక అలవాటు అనీ నా అభిప్రాయం.

కృప అంటే ఏమిటి?

క్రైస్తవంలో కృప అంటే అర్హతతో పనిలేని దానం. మనిషి తన మంచితనంతో, పూజలతో, దానధర్మాలతో దేవుని దయను సంపాదించుకోలేడు. అది ఉచితంగా వస్తుంది. ఐదో శతాబ్దంలో అగస్టీన్, పెలేజియస్‌ల మధ్య జరిగిన వాదమంతా దీని గురించే. 1517లో మార్టిన్ లూథర్ చర్చిని నిలదీసిందీ ఈ విషయంలోనే. డబ్బుకు పాపపరిహార పత్రాలు అమ్మే వ్యవస్థకు ఆయన అడ్డం తిరిగాడు. ఆ లూథర్ సంప్రదాయమే 1842లో హేయర్ అనే మిషనరీ ద్వారా గుంటూరు చేరింది. కాబట్టి ఇది ఎక్కడో జర్మనీలో ముగిసిపోయిన చర్చ కాదు. కోస్తా జిల్లాల పల్లెల్లో ఆదివారం ఉదయం వినిపించే ప్రసంగాల్లో ఇప్పటికీ దీని ఛాయలున్నాయి.

ఈ బోధ మన సమాజంలో చేసిన మేలును తక్కువగా చూడలేం. 1876-78 కరువు తర్వాత, 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. కరువు సాయం కోసమే చేరారని ఆనాడూ విమర్శించారు, ఈనాడూ విమర్శిస్తారు. కానీ పుట్టుక పూర్వజన్మ కర్మఫలమని తరతరాలుగా విన్నవాళ్ళకు, ఏ అర్హతా అడగకుండా దగ్గరికి తీసుకునే దేవుడున్నాడన్న మాట ఎంత పెద్దదో మనం ఊహించవచ్చు. వాళ్ళకు కృప అంటే గౌరవం. వాడలోని స్త్రీకి అది పేరు, చదువు, చర్చిలో అందరితోపాటు కూర్చునే చోటు. తన విశ్వాసాన్ని వదులుకోవడానికి ఈనాటి దళిత క్రైస్తవ స్త్రీ సిద్ధంగా లేకపోవడానికి ఈ చరిత్రే ఒక కారణం. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం.

తిరకాసు ఎక్కడుంది?

దేవుడు మనిషికి ఉచితంగా ఇచ్చేదాన్ని, దెబ్బ తిన్న మనిషి దెబ్బ కొట్టిన మనిషికి విధిగా చెల్లించాల్సిన బాకీగా మార్చడంలో ఉంది. దానం ఒక్కసారిగా పన్నుగా మారుతుంది. ఆ పన్ను వసూలు చేసేది కూడా అందరి దగ్గరా కాదు. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములను క్షమించమని బోధించినా, సర్వేయర్‌ను పిలిచి కొలతలు వేయిస్తారు. చర్చి ఆస్తుల వివాదాల్లో సంఘపెద్దలే ఏళ్ళతరబడి కోర్టుల్లో ఉంటారు. ఏ కొలతా, ఏ సాక్ష్యమూ లేకుండా వెంటనే క్షమించమని చెప్పేది భార్యకే.

ఇందులో భాష పాత్ర కూడా ఉంది. తెలుగులో "క్షమాపణ" అనే ఒకే మాటను రెండు పనులకూ వాడతాం. తప్పు చేసినవాడు క్షమాపణ చెప్తాడు. దేవుడు పాపక్షమాపణ ఇస్తాడు. అడగడానికీ ఇవ్వడానికీ ఒకే పేరు ఉండటంతో, అడిగినంత మాత్రాన ఇచ్చేసినట్టేనన్న భ్రమ సులువుగా కలుగుతుంది. "వాడు సంఘం ముందు క్షమాపణ చెప్పాడుగా, ఇంకేం కావాలి?" అనే మాట మనందరం విన్నదే. దీనికితోడు ఈ మాట మన నేలకు వచ్చేసరికే ఇక్కడ "భూదేవంత ఓర్పు" సిద్ధంగా ఉంది. సంస్కృతంలో "క్షమ" అంటే ఓర్పు, భూమి అని కూడా అర్థాలున్నాయి. తొక్కినా తవ్వినా కిక్కురుమనని నేలను ఇల్లాలికి ఆదర్శంగా నిలబెట్టిన సంస్కృతి మనది. బైబిల్ చెప్పే క్షమాపణ ఆ ఓర్పులో కలిసిపోయింది. ఈ రెండూ ఒకటి కావు. ఓర్పు అంటే తప్పును తప్పని అనకుండా భరించడం. క్షమించాలంటే ముందు అది తప్పని అనాలి.

సిద్ధాంత స్థాయిలో ఈ చిక్కును మొదట ఎత్తిచూపినవారిలో అమెరికన్ పండితురాలు వలరీ సేవింగ్ ఒకరు. పాపమంటే అహంకారం, తనను తాను పెంచుకోవడం అని వేదాంతులు నిర్వచించారనీ, అది ప్రధానంగా పురుషుల అనుభవమనీ ఆమె 1960లో రాసిన వ్యాసంలో వాదించింది. స్త్రీలకు ఎదురయ్యే ప్రమాదం తరచుగా దీనికి పూర్తి వ్యతిరేకం. ఇతరుల కోసం తనను తాను పూర్తిగా చెరిపేసుకోవడం, తనకంటూ ఏమీ మిగుల్చుకోకపోవడం. అలాంటి మనిషికి "నీ అహం చంపుకో" అని బోధిస్తే, ఉన్న రోగానికే ఇంకొంత బలమిచ్చినట్టవుతుంది. ఆమెకు కృప అంటే తలెత్తుకుని నిలబడగలగడం కావాలి.

గ్రంథం చెప్పేదేమిటి?

క్షమించమని చెప్పేవారు ఎక్కువగా ఆధారం చేసుకునేది మత్తయి సువార్త 18వ అధ్యాయాన్ని. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, ఏసు డెబ్బై ఏళ్ళసార్లు అని చెప్పిన చోటు అది. ఆ అధ్యాయాన్ని కొంచెం ముందునుంచి చదవాలి. తప్పు చేసినవాడికి అతని తప్పు చూపించాలి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులను తీసుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి, సంఘం మాట కూడా వినకపోతే అతన్ని బయటివాడిగా ఎంచాలి. ఇదీ ముందున్న క్రమం. ఈ క్రమాన్ని వదిలేసి డెబ్బై ఏళ్ళ లెక్క మాత్రమే ఎందుకు మిగిలింది? లూకా సువార్త 17వ అధ్యాయంలోనూ ముందు గద్దించడం, తర్వాత అతను మారుమనస్సు పొందడం, ఆ తర్వాతే క్షమించడం.

అదే మత్తయి 18లో ఒక ఉపమానం ఉంది. రాజు తన దాసుడి పెద్ద అప్పును రద్దు చేస్తాడు. ఆ దాసుడు మాత్రం తనకు స్వల్పంగా బాకీ ఉన్న తోటి దాసుణ్ణి గొంతు పట్టుకుంటాడు. ఇక్కడ ఎవరు ఎవరిని క్షమిస్తున్నారో గమనించాలి. క్షమించేవాడు రాజు. అప్పు వసూలు చేసే అధికారం చేతిలో ఉండి, వదులుకున్నాడు. రెండోసారి క్షమించాల్సినవాడు కూడా అప్పిచ్చినవాడే, పైచేయి ఉన్నవాడే. క్షమ పైనుంచి కిందికి ప్రవహించింది. మన ఇళ్ళలో దాన్ని కిందినుంచి పైకి ఎక్కించమంటున్నారు. గొంతు పట్టుకున్న చేయి ఇంకా తీయకముందే, ఆ చేతిని క్షమించమంటున్నారు. సిలువ మీద ఏసు కూడా, పూర్తిగా నిస్సహాయంగా ఉన్న ఆ క్షణంలో, తనను కొట్టినవాళ్ళను క్షమించమని తండ్రిని ప్రార్థించినట్టే లూకా సువార్తలో ఉంది. "నేను క్షమిస్తున్నాను" అని వాళ్ళతో నేరుగా అన్నట్టు లేదు. దెబ్బలు తగులుతున్న సమయంలో క్షమించే పనిని దేవునికి వదిలేయవచ్చన్న చదువుకు ఇక్కడ చోటుంది. భయంతో వణుకుతున్న స్త్రీకి ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వడానికి మనవాళ్ళకు ఎందుకింత కష్టం?

జక్కయ్య కథ అందరికీ తెలుసు. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కినవాడు అని ఆదివారం బడిలో పిల్లలకు చెప్తారు. ఆ కథలో అసలు విషయం, పన్నుల పేరుతో జనాన్ని దోచుకున్న మనిషి తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ నిలబడి చెప్పడం. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ఏసు ప్రకటించింది ఆ మాటల తర్వాతే. కృపకు వెల లేదు, నిజమే. కానీ కృప తాకిన మనిషి లెక్కలు సరిచేస్తాడు. భార్య నగలు తాకట్టుపెట్టి తాగినవాడు సంఘం ముందు కన్నీళ్ళు పెట్టుకుంటే జక్కయ్య కాడు. నగలు విడిపించి తెచ్చినరోజు ఆ పోలిక గురించి ఆలోచించవచ్చు.

రోమన్ కాథలిక్ సంప్రదాయంలో పాపసంకీర్తనానికి పశ్చాత్తాపం, ఒప్పుకోలు, పరిహారం అనే మూడు అంగాలున్నాయి. లూథరన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో, పశ్చాత్తాపం లేని క్షమాపణను ప్రకటించే ధోరణిని "చవక కృప" అని తీవ్రంగా ఖండించాడు. హిట్లర్ పాలనకు ఎదురు తిరిగినందుకు 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరితీశారు. చవక కృప పట్ల ఆయన అభ్యంతరం స్త్రీల సమస్య నుంచి పుట్టింది కాదు. అయినా మన ఇళ్ళలో జరిగేదానికి అంతకన్నా సరైన పేరు దొరకదు.

చట్టం కూడా అదే దారిలో

ఈ ఆలోచన చర్చి గోడల మధ్యే ఆగిపోలేదు. క్రైస్తవుల వివాహ విచ్ఛిత్తికి వర్తించే 1869 నాటి చట్టం ప్రకారం, భర్త వ్యభిచారం ఒక్కటి చూపించి విడాకులు పొందేవాడు. భార్య మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్ళ పరిత్యాగమో, మరొక ఘోరమో కలిపి రుజువు చెయ్యాలి. 1995లో కేరళ హైకోర్టు, 1997లో బొంబాయి హైకోర్టు దీన్ని తప్పుపట్టాయి. చివరికి 2001 సవరణతో భార్యాభర్తలకు సమానమైన కారణాలు వచ్చాయి. 132 ఏళ్ళు పట్టింది.

అదే చట్టంలో 13, 14 సెక్షన్లున్నాయి. భాగస్వామి వ్యభిచారాన్ని పిటిషనరు క్షమించి ఉంటే కోర్టు పిటిషన్ కొట్టివేయాలి. క్షమించినట్టు ఎలా తెలుస్తుంది? దాంపత్య జీవనం తిరిగి మొదలైతేనో, ఆగకుండా కొనసాగితేనో తప్ప క్షమించినట్టు భావించరాదని 14వ సెక్షన్ చెప్తుంది. అంటే క్షమకు చట్టం చూసే గుర్తు కలిసి ఉండటం. ఒక రకంగా ఇది నోటిమాటతో క్షమించినట్టు రాసేయకుండా కాపాడుతుంది. మరో రకంగా చూస్తే, వెళ్ళడానికి వేరే చోటులేక అదే కప్పుకింద ఉండిపోయిన స్త్రీ క్షమించేసిందన్న వాదనకు తలుపు తెరుస్తుంది. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో క్రూరత్వం విషయంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. కాబట్టి ఇది క్రైస్తవ స్త్రీల సమస్య మాత్రమే అనుకోనక్కరలేదు.

అయితే 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు ఒక విలువైన మాట చెప్పింది. దాంపత్యంలో క్షమ ఎప్పుడూ షరతుతో కూడుకున్నదే. మళ్ళీ అలాంటి తప్పు చేయకూడదన్నది ఆ షరతు. మళ్ళీ చేస్తే పాత తప్పు కూడా తిరిగి లెక్కలోకి వస్తుంది. న్యాయస్థానం గుర్తించిన ఈ షరతును దేవుని పేరు చెప్పే పెద్దలు గుర్తించకపోవడం విచిత్రం.

క్షమ వేరు, న్యాయం వేరు

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులోనే సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పింది. దేశమంతా ఆమెను మెచ్చుకుంది. ఇప్పటికీ చర్చిల్లో ఆమెను ఉదాహరణగా చూపిస్తారు. చూపించేవారు ఒక విషయం మరిచిపోతారు. ఆమె క్షమించినంత మాత్రాన కేసు ఆగిపోలేదు, ఆగాలని ఆమె అడగలేదు. క్షమ వేరు, నేరానికి పర్యవసానం వేరు అనే ఆమె వైఖరి. ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పైగా ఆమెను ఆ హంతకులతో ఒకే ఇంట్లో కాపురం చెయ్యమని ఎవరూ అడగలేదు.

1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినప్పుడు, క్రైస్తవ విశ్వాసం బలంగా ఉన్న ఆ వాడ న్యాయం కోసం నిలబడింది. తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. అన్నేళ్ళ పోరాటానికి వాళ్ళ విశ్వాసం అడ్డురాలేదు. అగ్రకులాల హింస విషయంలో న్యాయం అడగడం అవిశ్వాసం కానప్పుడు, భర్త హింస విషయంలో అడగడం ఎలా అవిశ్వాసం అవుతుంది?

దక్షిణాఫ్రికాలో ఆర్చిబిషప్ టుటు అధ్యక్షతన 1996లో విచారణలు మొదలుపెట్టిన సత్య-సయోధ్య కమిషన్‌ను కూడా తరచుగా ఉదహరిస్తారు. క్షమాభిక్ష కోరుతూ 7,112 దరఖాస్తులు వస్తే 849 మాత్రమే మంజూరయ్యాయి. జరిగింది పూర్తిగా బయటపెట్టడం అక్కడ తప్పనిసరి. సత్యం లేకుండా సయోధ్య లేదన్నమాట. కానీ ఆ కమిషన్‌లోనూ స్త్రీలు భర్తల గురించి, కొడుకుల గురించి చెప్పి తమకు జరిగింది చెప్పకుండా వెళ్ళిపోతుంటే, స్త్రీల కోసం ప్రత్యేక విచారణలు పెట్టాల్సి వచ్చింది. బాధితులకు ఇచ్చిన పరిహారం ఆలస్యమైంది, స్వల్పంగానే ఉంది. దొడ్డమనసును అడిగినంత త్వరగా పరిహారం ఇవ్వడం లోకంలో ఎక్కడా లేదేమో.

ఆమె క్షమిస్తానంటే?

ఒక అభ్యంతరం ఉంది. పగ మనసును తినేస్తుంది, క్షమించడం ఆమెకే మంచిది కదా అంటారు. నిజమే కావచ్చు. కొందరు స్త్రీలు అలా క్షమించి తేలికపడటం మనం చూస్తున్నాం. అలా క్షమించిన స్త్రీని బలహీనురాలని చూడటం మన ఉద్యమం చేయకూడని పని. కానీ ఆ క్షమ ఆమె సొంతం. ఎప్పుడివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆమె నిర్ణయం. ఆమె క్షమించి కూడా విడిగా బతకవచ్చు. క్షమించి కూడా మనోవర్తి అడగవచ్చు. క్షమించి కూడా సాక్ష్యం చెప్పవచ్చు. పగ లేకపోవడం, మళ్ళీ కాపురానికి వెళ్ళడం రెండు వేరు విషయాలు.

తప్పు చేసినవాడికి కృప లేదా అనేది రెండో ప్రశ్న. ఉందనే క్రైస్తవం చెప్తుంది. మనిషి మారగలడని నమ్మకపోతే మన ఉద్యమానికీ అర్థం లేదు. అయితే అతనికి కావలసిన కృప దేవుని దగ్గర ఉంది. దాన్ని భార్య వీపుమీదుగా తీసుకోనక్కరలేదు. అతను మారాడో లేదో తెలియడానికి కన్నీళ్ళు చాలవు, కాలం కావాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 18-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో భర్తనుంచి హింసను అనుభవించినవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో సుమారు 37 శాతం. దేశం మొత్తంమీద శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ కోరలేదు. నోరు విప్పే ఆ కొద్దిమందిలో ఒకామె పాస్టరు గారి గుమ్మం తొక్కిందంటే అది చాలా పెద్ద అడుగు. అక్కడ వినే మొదటి మాట ఏమిటన్న దానిమీద ఆమె ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.

మనం చేయగలిగింది

కాబట్టి చర్చిలతో మాట్లాడటం మన పనిలో భాగం కావాలి. పాస్టర్లకూ, పాస్టరమ్మలకూ, స్త్రీల సమాజాల నాయకురాళ్ళకూ శిక్షణ ఏర్పాటు చేయమని అడగాలి. రాజీ ప్రయత్నం ఎవరు చేసినా నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. ఆమె ఈ రాత్రి క్షేమంగా ఉంటుందా? అతను చేసింది ఏమిటో "ఏదో పొరపాటు" అనకుండా పేరుపెట్టి ఒప్పుకున్నాడా? తీసుకున్నది తిరిగి ఇచ్చాడా? ఆమె వద్దంటే ఆ మాట చెల్లుతుందా? ఈ నాలుగింటికీ జవాబు రాకముందు క్షమ గురించి ఆమెతో మాట్లాడకూడదు. కేసు వాపసు తీసుకోవడాన్ని క్షమకు రుజువుగా అడగకూడదు. క్షమించలేదన్న కారణంతో ఆమెను ప్రభువు బల్లకు దూరం చేయకూడదు. 2005 గృహహింస చట్టం ఆ ఇంట్లో నివసించే హక్కు ఆమెకిచ్చిందని పెద్దలకు కూడా తెలియాలి. బయటికి వెళ్ళాల్సింది ఎప్పుడూ ఆమే కానక్కరలేదు.

సంఘ కమిటీల్లో ఈ తగాదాలు తీర్చేచోట స్త్రీలు ఉండాలని పట్టుబట్టాలి. దక్షిణ ఇండియా సంఘంలో 1970లలోనే స్త్రీలు గురువులయ్యారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు ఆ సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారు. పీఠం దాకా వెళ్ళిన స్త్రీకి పంచాయితీలో కుర్చీ లేకపోవడం ఏం న్యాయం?

దేవుడు క్షమిస్తాడా లేదా అనే విషయం దేవునికీ ఆ మనిషికీ మధ్య ఉంటుంది. మన ముందున్న స్త్రీకి మనం చెప్పాల్సింది చాలా తక్కువ. "నువ్వు ఇప్పుడే క్షమించనక్కరలేదమ్మా. ముందు కూర్చో, ఏం జరిగిందో చెప్పు." ఈ మాట అనడానికి చర్చికి గానీ మనకు గానీ కొత్త సిద్ధాంతమేదీ అవసరం లేదు.